ఏఎం చాచా

మొన్నామధ్య జాకెట్లు కుట్టించుకుందామని దుబాయ్‌లో నైఫ్ బజారుకు వెళ్లాను. సందులో సందు తిరిగితే చివర నిజామాబాద్ దర్జీ దుకాణం. మిషను పక్కనున్న ఇనప బీరువా మీద చిన్న రేడియో ఒకటి గరగరమంటోంది. దర్జీ లేచి దాని నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. గరగర ఇంకా పెరిగింది. నేను ఆలోచించకుండానే చెయ్యి చాపి, రేడియోను బీరువా మీంచి తీసి, కిటికీ గట్టు మీద పెట్టి, పిల్లదాని తల దువ్వడానికి గడ్డం పట్టుకుని తిప్పినట్టు మెల్లగా పక్కకు తిప్పాను. పావు వంతు తిరిగేసరికి గరగర సన్నబడింది. వార్తలు చదివే గొంతు తేటగా వినపడింది.

"గిదెక్కడ నేర్చుకున్నరు మేడమ్?" అన్నాడు దర్జీ, మెళ్లో టేపు మెళ్లోనే ఉండగా.

"మా చాచా దగ్గర" అన్నాను.

ఆయన పేరు దర్జీకి చెప్పలేదు, ఇక్కడా రాయను. రేడియో స్టేషన్లో ఇరవై ఏళ్లు పనిచేసి, తన పేరు ఒక్కసారి కూడా గాలిలోకి పోనివ్వని మనిషి ఆయన. ఒకసారి ప్రోగ్రాం చివర కృతజ్ఞతలు చెబుతూ ఆయన పేరులో మొదటి అక్షరం పలికానో లేదో, అద్దం అవతలినుంచి నా మైకు కట్టేసి పాట వేసేశాడు. బయటికొచ్చి దెబ్బలాడితే, "నీ పేరు పోవాల పాపా. నాది పోతే ఎవరికేం లాభం?" అన్నాడు. ప్రొద్దుటూరు మనిషి. కరెంటు పనికని దుబాయ్ వచ్చి, రేడియోకు అంటుకుపోయాడు. నాకంటే పాతికేళ్లు పెద్ద. బూడిదరంగు చొక్కా జేబులో ఒక టెస్టరూ, రెండు పెన్నులూ, మిరియాల పొట్లమూ ఉండేవి. ఆఫీసు క్యాంటీన్ కూరల్లో కారం లేదని మిరియాలు తనే చల్లుకునేవాడు. అడగకుండానే మాకూ చల్లేవాడు.

మాది హన్మకొండ. మా ఆయనకు దుబాయ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. నేను రెండువేల పదకొండులో ఆ స్టేషన్లో చేరాను. షార్జా దాటి ఉత్తరానికి పోతే ఒక చిన్న ఊళ్లో ఉండేది. అది ఏఎం స్టేషన్, అంటే మన ఊళ్లలో పాతవాళ్లు మీడియం వేవ్ అంటారే, అది. గంటకో భాష. శుక్రవారం సెలవు రోజు గనక పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా తెలుగు. ఆ గంట నాది. రెండు పాటలు, ఊళ్ల వానల కబుర్లు, మధ్యలో 'మన ముచ్చట్లు' అని శ్రోతలు పంపిన సంగతులు చదవడం. ఫలానా ఊళ్లో ఫలానావారి చెల్లెలికి పెళ్లి కుదిరింది, ఫలానా ఆయన తమ్ముడు పోలీసు పరీక్ష పాసయ్యాడు, అలాంటివి.

మొదటి శుక్రవారం గంట ముగించుకుని బయటికి వస్తే స్టూడియోలో ఎవరూ లేరు. చాచా కార్లు నిలిపే చోట ఎండలో నిలబడి, చెవి దగ్గర చిన్న రేడియో పెట్టుకుని ఉన్నాడు.

"ఎట్లుంది చాచా ప్రోగ్రాం?"

"అజ్మాన్ దాకా బాగొచ్చినాది. నిన్న ఫోన్ చేసి ఇద్దరు ముగ్గురికి చెప్పి పెట్టినాలే, వాళ్లు చెప్పినారు. షార్జాలో రోలా కాడ కొంచెం సన్నం."

"అది కాదు. నేనెట్ల మాట్లాడిన?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "అది నాకెట్ల తెలుస్తాది పాపా? నేను సిగ్నలు వింటి."

ఆయన దృష్టిలో ప్రోగ్రాంలు మంచివీ చెడ్డవీ ఉండవు. వచ్చినవీ రానివీ ఉంటాయి. స్టూడియోలో స్పీకరు ముందు కూర్చుని వినడం ఆయనకు నచ్చేది కాదు. "ఇక్కడ వినేది రేడియో కాదు, మైకు. అవతలోని ఇంట్లో వినపడితే అది రేడియో" అనేవాడు. జేబు పట్టేటంత నోటుబుక్కు ఒకటి ఉండేది. ఏ ఊళ్లో, ఏ సందులో, ఎన్ని గంటలకు, ఎలా వచ్చిందో అందులో రాసుకునేవాడు. తెలుగులోనే రాసేవాడు. దుబాయ్‌లో పెట్రోలు బంకులో ఆగినా, చుట్టాలింట్లో భోజనానికి వెళ్లినా, మందుల దుకాణంలో లైన్లో నిలబడినా ఆయన ముందు చేసేది జేబులోంచి రేడియో తీసి తిప్పి చూడడమే. ఓసారి ఎవరిదో నిఖా జరుగుతుంటే తీశాడని వాళ్లావిడ ఊరినుంచి ఫోన్ చేసి నాకు పితూరీ చెప్పింది.

మొదటి ఏడాది బాగానే గడిచింది. తర్వాత ఫోన్లలో ఒకటే మాట మొదలైంది.

"అక్కా, మీ ప్రోగ్రాం మా రూమ్‌ల వస్తలేదు."

"అక్కా, కొత్త ఫోన్ తీసుకున్న. అండ్ల రేడియో ఉన్నది గని మీది వస్తలేదు."

నేను చాచాను అడిగాను. ఆయన నన్ను ట్రాన్స్‌మిటర్ ఉన్న ఉప్పునేలకు తీసుకెళ్లి, ఆకాశంలోకి నిలబడ్డ ఎర్రతెల్ల స్తంభం చూపించాడు.

"చూడు పాపా. మన ఏఎం దూరం పోతాది. నేలబట్టి పాక్కుంటా, ఇసక మీద, సముద్రం మీద, గుట్టలెక్కి దిగి పోతానే ఉంటాది. కానీ ఇంట్లోకి రాలేదు. క్యాంపుల్లో గదులన్నీ ఇనప రేకులు. రేకు లోపలికి పోదు. సందు దొరికి పోయినా ఆడ ట్యూబులైటు, చార్జరు, ఏసీ అన్నీ గోల చేస్తాంటాయి. ఆ గోలలో మన మాట కలిసిపోతాది. ఎఫ్‌ఎం అట్ల కాదు. అది దూరం పోలేదు, ఎత్తునుంచి కనపడినంత మేరకే. కొండ అడ్డమొచ్చిందా, ఖలాస్. కానీ పోయినకాడికి గదిలోకి పోయి కూచ్చుంటాది. ఇంకో సంగతి. ఇప్పుడొచ్చే ఫోన్లలో ఎఫ్‌ఎం ఒకటే పెడతాండారు. చెవిలో పెట్టుకునే తీగే దానికి ఏరియలు. ఏఎం పట్టాలంటే ఫోన్లో చోటు చాలదు. రేడియో కొనుక్కునేటోళ్లు ఎవరుండారు ఇప్పుడు? అందరికీ ఫోనే రేడియో."

"మరేం చెయ్యాలె?"

"ఎఫ్‌ఎం అడగాల" అన్నాడు. కూతుర్ని అత్తారింటికి పంపాలి అన్నట్టు చెప్పాడు ఆ మాట.

ఆ మాట మా ముదీర్ కూడా అప్పటికే అంటున్నాడు. మేనేజర్‌ను అక్కడ ముదీర్ అంటారు. ఈయన కొచ్చిన్ వైపు మనిషి, మంచివాడే, కాని ఎప్పుడూ గడియారం చూసుకుంటూ మాట్లాడేవాడు. ప్రకటనలిచ్చే కార్గో కంపెనీ యజమాని తన దుకాణంలోనే తన ప్రకటన వినపడలేదని మానేశాడట. "ఏఎం వినేది ఎవరు? ఎవరూ లేరు. దుబాయ్ వైపు చిన్న ఎఫ్‌ఎం ఒకటి రాకపోతే మొదట తెలుగు గంట మూసేస్తాను" అన్నాడు. పెద్ద స్టేషన్ అక్కర్లేదు. మా ఏఎంలో వచ్చిందే మళ్లీ ఎఫ్‌ఎంలో పలికే చిన్న యంత్రం, క్యాంపులున్న వైపు ఒకటి చాలు.

"ఎవరూ లేరంటాండాడు" అని చాచా రెండు రోజులు గొణిగాడు. మూడో రోజు నాతో, "ఈ శుక్రవారంది ముందే రికార్డు చేసి పెట్టు. నిన్నొక చోటికి తీస్కపోతా" అన్నాడు.

తీసుకెళ్లింది దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఫ్యాక్టరీల వెనకున్న ఒక లేబర్ క్యాంపుకు. ఎనిమిదికి పది నిమిషాలుంది. ఆవరణలో తెల్ల బస్సు ఒకటి ఆగి ఉంది. సెలవు రోజు, బస్సు ఎక్కడికీ పోదు. అయినా మనుషులు ఒక్కొక్కరే లుంగీల మీద, చేతుల్లో చాయ్ గ్లాసులతో వచ్చి ఎక్కుతున్నారు. డ్రైవర్ పెషావర్ పఠాన్. గడ్డం నెరిసిన పెద్దమనిషి. "బైఠో, బైఠో" అని అందర్నీ లోపలికి పిలుస్తున్నాడు. నేను దుపట్టా నెత్తిమీద కప్పుకుని వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాను.

ఎనిమిది కొట్టింది. పఠాన్ బస్సు రేడియో తిప్పాడు. నా గొంతు వచ్చింది. పాత బస్సు, పాత రేడియో, నెత్తిమీద బారెడు ఏరియలు. క్యాంపు మొత్తానికి ఏఎం పట్టేది అదొక్కటే. ముప్పై నలభై మంది కదలకుండా కూర్చుని విన్నారు. నా ముందు సీటాయన మాత్రం ఊరుకోలేదు.

"గీమెకు మెట్‌పల్లి అనుడు రాదు. మెట్టుపల్లి, మెట్టుపల్లి అంటది. ఎన్ని వారాలాయె."

పక్కనున్నాయన, "ఊకో బావా. చదువుకున్నోళ్లు గట్లనే అంటరు" అని సర్దిచెప్పాడు.

నాకు నవ్వాగలేదు. దుపట్టా నోట్లో కుక్కుకున్నాను. గంట పూర్తయి అందరూ దిగుతుంటే చాచా పఠాన్ దగ్గరికి వెళ్లి, మీకు తెలుగు రాదు కదా, ప్రతి శుక్రవారం ఎందుకింత శ్రమ అని హిందీలో అడిగాడు. పఠాన్ భుజాలెగరేశాడు. "వారం రోజులు వీళ్లను పనికి మోస్తాను. ఒక్క గంట వీళ్ల ఊరికి మోస్తే నా బస్సేమైనా అరిగిపోతుందా?"

తిరుగు దారిలో చాచా నోటుబుక్కు తీసి బస్సు సంగతి రాసుకున్నాడు. తర్వాత, "మనిషికి తన గొంతు తన గదిలో వినపడాల గదా పాపా. బస్సులో కూచ్చుని వినడమేంది?" అన్నాడు.

ముదీర్‌కు బస్సు సంగతి చెప్పాం. ఆయన మొదటిసారి గడియారం చూడకుండా విన్నాడు. దరఖాస్తు పెడదామన్నాడు. కాని అనుమతిచ్చే ఆఫీసువాళ్లు ఒక కాగితం అడిగారు. మీ ఏఎం ఎక్కడెక్కడ సరిగా అందడం లేదో చోటు చోటూ తిరిగి రాసి తెమ్మన్నారు. అది చాచా తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

అప్పుడు చూశాను ఆయన ముఖం. ఇన్నేళ్లూ ఎక్కడ వచ్చిందో రాసుకుని సంబరపడిన మనిషి, ఇప్పుడు రానిచోట్లన్నీ వెతికి వెతికి రాయాలి.

"నా చేత్తో నేనే రాలేదు, రాలేదు అని రాస్తాండా పాపా" అన్నాడు మొదటి వారం తర్వాత. "పెండ్లిచూపులకు పోయి మా పిల్ల కుంటిది, మా పిల్లకు వంట రాదు అని చెప్పినట్టుండాది."

"మరి ఉన్నది ఉన్నట్టు రాయకపోతే అనుమతి రాదు గద చాచా."

"రాస్తాండాగా! ఒక్కటి దాచలేదు."

నిజంగానే దాచలేదు. రెండు నెలలు సాయంత్రాలు క్యాంపు క్యాంపూ తిరిగాడు. కొన్నిసార్లు నేనూ కారు తీసుకుని వెళ్లాను. ప్రతి గదిలో మంచం మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేవాళ్లు. ఈయన గది మధ్యలో నిలబడి రేడియో నాలుగువైపులా తిప్పేవాడు. కిటికీ దగ్గర ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి, ఏసీ ఆపించి ఒకసారి. ఎండాకాలంలో ఏసీ ఆపితే గదిలో పదిమందికీ చెమటలు కారేవి. ఒక్కరూ విసుక్కోలేదు. ఒక గదిలో ఏసీ ఆపగానే, పరీక్షకని ఆ సాయంత్రం స్టేషన్లో వేయించిన నా పాత ప్రోగ్రాం ముక్క ఒకటి సన్నగా వినపడింది. అందరూ ఊపిరి బిగబట్టారు. చాచా ముఖం వెలిగిపోయింది. పెన్ను తీశాడు, నా వైపు చూశాడు, మళ్లీ ఏసీ వేయించాడు. గొంతు మాయమైంది. 'రాలేదు' అని రాశాడు.

"ఏసీ ఆపితే వచ్చింది గద?" అన్నాను బయటికొచ్చాక.

"ఏసీ ఆపుకోని ఎవరు వింటారు పాపా, ఈ ఎండల్లో? నేనైతే వినను."

అనుమతి వచ్చేసరికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. క్యాంపులున్న జబల్ అలీ వైపు ఒక పొడుగాటి బిల్డింగు నెత్తిన ఎఫ్‌ఎం ఏరియలు పెట్టారు. ఏఎం స్తంభం ఎవరూ ఎక్కాల్సింది కాదు. దానిలో కరెంటు ఉన్నంతసేపూ ముట్టుకోకూడదు కూడా. ఎఫ్‌ఎంకు మాత్రం ఎత్తు కావాలి. అక్కడ బయటపడింది చాచా రహస్యం. ఆయనకు ఎత్తంటే ప్రాణభయం. ఇరవై ఏళ్లుగా రెండో అంతస్తు దాటి ఏ బాల్కనీలోకీ రాలేదట.

ఏరియలు బిగించింది ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు. అన్నీ సరిగానే ఉన్నాయి, మీరు రానక్కర్లేదు అని పైనుంచి ఫోన్ చేశాడు. చాచా వినలేదు. "చివరి బిగింపు నా చెయ్యి పడాల. రేపు రాకపోతే ఎవర్నడుగుతారు? నన్నే." లిఫ్టులో పై అంతస్తు దాకా కళ్లు మూసుకుని వచ్చాడు. అక్కడినుంచి నీళ్ల ట్యాంకు గది మీదికి ఇనప నిచ్చెన ఉంది. పద్నాలుగు మెట్లు. నిచ్చెన పట్టుకుని ఆగిపోయాడు.

"పాపా, ఏదో ఒకటి మాట్లాడు. రేడియోలో మాట్లాడినట్టు ఆపకుండా మాట్లాడు. నీ మాట మీద ఎక్కుతా."

ఏం మాట్లాడాలో తోచక, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "శ్రోతలకు నమస్కారం. ఇప్పుడు సమయం పదకొండు గంటల పది నిమిషాలు. మా చాచా మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. వాతావరణం నిర్మలంగా ఉంది. గాలి లేదు. రెండో మెట్టు. ఇక్కడినుంచి చూస్తే చాచా చెప్పు ఎడమది కొంచెం అరిగినట్టు కనిపిస్తోంది..."

"చెప్పు సంగతి ఎందుకు పాపా?" అని పైనుంచి ఏడుపుగొంతుతో అరిచాడు.

"ఆరో మెట్టు. శ్రోతలు ఆందోళన చెందనక్కర్లేదు. ఇప్పుడు మన ముచ్చట్లు. ప్రొద్దుటూరునుంచి ఒక ఇల్లాలు పంపిన సందేశం. మా ఆయన నిచ్చెన ఎక్కుతున్నాడని నాకు తెలియనివ్వకండి అని కోరారు..."

తొమ్మిదో మెట్టు దగ్గర ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మిగతా అయిదూ ఎక్కేశాడు. పైకెళ్లి, ట్యాంకుకు వీపు ఆనించి, కళ్లు మూసుకునే చేత్తో తడిమి ఆ మర బిగించాడు. బిస్మిల్లా అన్న మాట నాకు కిందికి వినపడింది. దిగడానికి మాత్రం ముప్పావుగంట పట్టింది. నా దగ్గర వార్తలన్నీ అయిపోయి, చివరికి ఎక్కాలు చదివాను.

ఆ శుక్రవారం ఎనిమిదికి ఎఫ్‌ఎం పలికింది. ఎనిమిదీ అయిదుకు ఫోన్లు మొదలయ్యాయి.

"అక్కా, రూమ్‌ల వస్తున్నది! చెవుల తీగ పెట్టుకొని మంచం మీద పండుకొని వింటున్న!"

"అక్కా, ఏసీ కింద వస్తున్నది!"

తొమ్మిదింటికి బస్సు క్యాంపునుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పఠాన్ బస్సు తలుపు తీసి ఎదురుచూస్తుంటే ఎవరూ రాలేదట. కారణం తెలిసి ఆయన కూడా పైకి గదిలోకొచ్చి, ఒకరి చెవిలోంచి తీగ లాక్కుని తన చెవిలో పెట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పూర్తిగా విన్నాడట.

చాచా అన్ని ఫోన్లూ పక్కన నిలబడి విన్నాడు. ఆ రోజు ఆఫీసులో అందరికీ బిర్యానీ ఆయనే తెప్పించాడు. మిరియాలు చల్లడం కూడా మర్చిపోయాడు.

ఇంతటితో అయిపోయి ఉండాల్సింది. కాని ఎఫ్‌ఎం వచ్చిన ఏడాదికి ముదీర్ ఇంకో ఆలోచన చేశాడు. ఎఫ్‌ఎంకు ప్రకటనలు వస్తున్నాయి, అందరూ అదే వింటున్నారు, ఉప్పునేలలో ఆ పెద్ద స్తంభానికి కరెంటు ఎందుకు? ట్రాన్స్‌మిటర్లోని పెద్ద వాల్వు ముసలిదైపోయింది. సిగ్నలుకు బలమిచ్చే గాజు బల్బులాంటిది, చెంబంత ఉంటుంది. కొత్తది తెప్పించమని చాచా రాసిన కాగితం బల్లమీద మూడు నెలలుగా ఉంది. ముదీర్ దాన్ని ముట్టుకోలేదు. ఉన్నది కాలిపోయిన రోజు ఏఎం దానంతటదే ఆగిపోతుంది, ఎవరూ మూసినట్టుండదు అని ఆయన లెక్క.

చాచా గొడవ పడలేదు. హిందీలో ఒకటే అడిగాడు. "సార్, ఒక్క శుక్రవారం నాతో ఫుజైరా రండి. భోజనం నాది."

ముదీర్ మొహమాటానికి ఒప్పుకున్నాడు. ఆ వారం కూడా ప్రోగ్రాం రికార్డు చేసిపెట్టి నేనూ బయల్దేరాను. పొద్దున్నే లేచి ముగ్గురం కొండలు దాటి వెళ్లాం. దారిలో మొదటి కొండ దాటగానే కారులో ఎఫ్‌ఎం గరగరమని ఆగిపోయింది. ముదీర్ బటన్ నొక్కుతూ ఉండిపోయాడు.

చాచా తీసుకెళ్లింది రాయి పగలగొట్టే క్వారీకి. చుట్టూ బోడికొండలు, తెల్లటి దుమ్ము. క్యాంటీన్ అంటే నాలుగు బల్లలు వేసిన రేకుల గది. పదకొండు మంది మనవాళ్లు. కిటికీ దగ్గర మేకుకు ఒక రేడియో వేలాడుతోంది. దాని వెనకనుంచి రాగి తీగ ఒకటి బయటికి పోయి కంచెకు చుట్టుకుని ఉంది. రేడియో మీద తెలుగులో చీటీ అంటించారు: 'తిప్పిండ్రంటే తంతం.'

ఎనిమిదికి నా గొంతు వచ్చింది. సన్నగా, కొండలన్నీ తిరిగొచ్చి అలిసినట్టు వచ్చింది. కాని ప్రతి మాటా తెలుస్తోంది. ముదీర్ తన ఫోన్ తీసి ఎఫ్‌ఎం పెట్టి చూశాడు. అందులో హోరు తప్ప ఏమీ లేదు.

మన ముచ్చట్లు వచ్చాయి. జగిత్యాల దగ్గర ఒక పల్లెలో, ఫుజైరా క్వారీలో పొక్లెయిన్ నడిపే ఆయనకు ఆడపిల్ల పుట్టిందని చదివాను. నాలుగు రోజుల కిందట ఫోన్లో వచ్చిన సంగతి అది. ఆ పొక్లెయిన్ ఆయన ఈ పదకొండు మందిలోనే ఉన్నాడని నాకు తెలియదు. చదవడం పూర్తికాకుండానే గదంతా ఒక్కసారి అరిచింది. ఎవరో ఆయన్ని ఎత్తుకున్నారు. ఎవరో చక్కెర డబ్బా తెచ్చి అందరి చేతుల్లో పోశారు. ముదీర్ చేతిలో కూడా పోశారు.

ఏమైందని ముదీర్ హిందీలో అడిగాడు. చాచా చెప్పాడు.

"బిడ్డ పుట్టిందని నీకు ఇప్పుడే తెలిసిందా?" అని ముదీర్ ఆయన్ని అడిగాడు. పొక్లెయిన్ ఆయనకూ హిందీ వచ్చు.

"లేదు సాబ్. ఏడో రోజు ఇయ్యాల. ఫోన్ల ఆ రోజే చెప్పిండ్రు." కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఫోన్ల చెప్తే నాకొక్కనికే చెప్పినట్టు. గిది లోకానికి చెప్పినట్టు."

ముదీర్ చక్కెర నోట్లో వేసుకున్నాడు. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి చాచాతో, "పదకొండు మంది. వీళ్ల కోసం అంత పెద్ద స్తంభమా?" అన్నాడు.

చాచా అప్పుడు చెప్పిన మాట నేను చాలామందికి చెప్పాను. ఆయన సాగదీయలేదు, గొంతు పెంచలేదు. కరెంటు మనిషి కరెంటు సంగతి చెప్పినట్టే చెప్పాడు.

"సార్, బస్సుకు మనుషులు పెరిగితే డీజిల్ ఎక్కువ కావాల. హోటలుకు మనుషులు పెరిగితే బియ్యం ఎక్కువ కావాల. రేడియోకు అట్లేం లేదు. పదకొండు మంది విన్నా అదే కరెంటు, పదకొండు వేలమంది విన్నా అదే కరెంటు. మరి ఈ పదకొండు మందిని ఎందుకు వదులుకోవాల?"

ముదీర్ వాళ్లు పెట్టిన పప్పూ అన్నం తిన్నాడు. పొక్లెయిన్ ఆయన బిడ్డ ఫోటో ఫోన్లో చూపిస్తే చాలాసేపు చూశాడు.

తిరుగు ప్రయాణంలో మసాఫీ దగ్గర పండ్ల బజారులో కారు ఆపించి పుచ్చకాయ కొన్నాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక, ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఆ వాల్వు కాగితం రేపు మళ్లీ నా బల్లమీద పెట్టు. సంతకం చేస్తాను."

నేను చాచా వైపు చూశాను. ఆనందంతో ఏమైనా అంటాడనుకున్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో ఏదో రాసుకుంటున్నాడు.

"సార్, ఒకటి కాదు, రెండు" అన్నాడు.

"రెండెందుకు?"

"ఒకటి పోతే ఇంకొకటి. నేను ఎప్పుడూ ఉండను గదా సార్."

ముదీర్ పుచ్చకాయ మీద చెయ్యి వేసి పెద్దగా నవ్వాడు. "యల్లా, సరే, రెండు రాయి" అన్నాడు.

తర్వాతి ఏడాది చాచా ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు. ఇప్పుడు అక్కడ మనవళ్లకు ట్యూషన్ చెబుతున్నాడట, మిరియాల అన్నం పెడుతున్నాడట. ఆయన వెళ్లిన పద్దెనిమిది నెలలకు ఒక గురువారం సాయంత్రం ఆ రెండు కొత్త వాల్వుల్లో మొదటిది కాలిపోయింది. అలమరాలో అట్టపెట్టెలో రెండోది ఉంది. దాని మీద ఆయన తెలుగు చేతిరాతతో ఏది ఎటు బిగించాలో అంచెలంచెలుగా రాసిన కాగితం ఉంది. కొత్తగా వచ్చిన టెక్నీషియన్ తమిళుడు, తెలుగు చదవలేడు. నేను పక్కన నిలబడి ఒక్కో వాక్యమే గట్టిగా చదివాను, అతను బిగించాడు. శుక్రవారం ఎనిమిదికి ఫుజైరా కొండల అవతల ఎప్పటిలాగే పలికింది. అక్కడివాళ్లెవరికీ ఏదో ఆగిందన్న సంగతే తెలియదు.